‘ఇడిసిండు’ అన్న ఒక్క మాట

పెద్దబాపు పోయాడని ఫోన్ వచ్చేసరికి నేను ఒక మనిషిని చంపుతున్నాను. కంప్యూటర్ ఆటలో లెండి, కంగారు పడకండి. పొద్దున్నుంచి అప్పటికి పదిహేనోసారో పదహారోసారో. మా ఆట ఆడేవాళ్లు కొందరు ఫిర్యాదు చేశారు. ఫ్యాక్టరీ ప్రమాదంలో కాలిపోయే ఆపరేటర్ నేల మీద పడే తీరు సహజంగా లేదట, ముందు మోకాళ్లు వంగాలట. నిజమే, వంగాలి. అందుకని అతన్ని మళ్లీ మళ్లీ కాల్చి, మోకాళ్లు ఎప్పుడు వంగుతున్నాయో చూస్తున్నాను. ఫోన్లో మా తమ్ముడు "అక్కా, పెద్దబాపు పోయిండు, జల్దీ రా" అన్నాడు. నేను "ఐదు నిమిషాలు" అన్నాను. మతి పోయి అన్న మాట కాదది. మోకాళ్ల పని ఇంకా ఐదు నిమిషాలుంది. అది పూర్తి చేసే లేచాను.

ఆ కాలిపోయే ఆపరేటర్ మేం కల్పించిన మనిషి కాదు. నలభై ఏళ్ల కిందట పెద్దబాపు పక్కన పనిచేసిన ఆయన దోస్తు. ఆ దోస్తు గురించి పెద్దబాపు నన్ను ఒకే ఒక్క సంగతి అడిగాడు. ఆయన బతికుండగా నేను చేయలేదు. ఈ నాలుగు మాటలు రాస్తున్నది అందుకే. ఆయన గొప్పతనం చెప్పడానికైతే కాదు. ఆయన అంత గొప్పవాడేం కాదు, నోరు అసలే మంచిది కాదు. కానీ నా పని నాకు నేర్పింది ఆయనే.

మా నాన్నకు అన్న. కర్దనూర్‌లో పుట్టి, పొలం చేసుకుంటూ, ఊరి చుట్టూ ఫ్యాక్టరీలు వచ్చినప్పుడు అందరిలాగే పనిలో చేరాడు. మొదట హెల్పర్, తర్వాత ఆపరేటర్. నేను రుద్రారంలో చదువుకుని, అక్కడి స్నేహితులు నలుగురితో కలిసి సంగారెడ్డిలో ఒక జిరాక్స్ షాపు పైన గది కిరాయికి తీసుకుని ఆటలు తయారు చేస్తున్నాను. మా పెద్ద ఆట ఒక సిమ్యులేషన్. అంటే ఇందులో కథ ఉండదు. ఒక ఊరు, దాని పక్కన ఒక ఫ్యాక్టరీ, తెర మీద తిరిగే బొమ్మ మనుషులు. ఆడేవారు మేనేజరు. ఎవర్ని పనిలో పెట్టుకోవాలి, మురికి నీళ్లు ఎటు వదలాలి, ఏ మరమ్మతు వాయిదా వేయాలి, అన్నీ వాళ్ల ఇష్టం. దాని ఫలితం ఏమిటన్నది ఆటే తేలుస్తుంది. మేం ఎంచుకున్నది మన దగ్గర ఫ్యాక్టరీలు కొత్తగా వచ్చిన కాలం. ఈ రకం ఆటలు ఆడేవాళ్లకు చరిత్ర అంటే మహా పట్టింపు. సైరన్ కూత తేడాగా ఉన్నా ఊరుకోరు. పాత ఫొటోలు, యంత్రాల నక్షలు ఎలాగో సంపాదించాం. వాటి ముందు నిలబడి పనిచేసిన మనిషి ఒకరు కావలసి వచ్చి పెద్దబాపును రమ్మన్నాను.

పటాన్‌చెరులో బస్సెక్కి వచ్చాడు. కుర్చీ వేస్తే కూర్చోలేదు. చేతులు వెనక్కి కట్టుకుని తెర ముందు నిలబడి, తనిఖీకి వచ్చిన అధికారిలా చూశాడు.

"గీళ్లెవరు?"

"పనోళ్లు పెద్దబాపూ. నువ్వూ, నీ దోస్తులూ."

"కాళ్లకేంది గవి?"

"సేఫ్టీ బూట్లు. ఫొటో చూసి పెట్టినం."

నవ్వాడు. దగ్గొచ్చి ఆపేదాకా నవ్వాడు. "సాబ్ వస్తున్నడంటె బూట్లిచ్చేటోళ్లు, సాబ్ పోంగనె గుంజుకునేటోళ్లు. ఫొటో గా దినమే దిగిండ్రు. గందుకే బూట్లున్నయ్. తీసెయ్యి."

ఆ ఒక్క మాటతో మేం నెలల తరబడి దాచుకున్న ఫొటోల మీద మాకు నమ్మకం పోయింది. ఇక ఆయన ప్రతి వారం వచ్చేవాడు. వచ్చిన ప్రతిసారీ ఎవరో ఒకరి పని పాడు చేసి వెళ్లేవాడు. మా బొమ్మలు వేసే అమ్మాయి ఊరి వాగుకు ఒక రకం ఆకుపచ్చ వేసి, నీడలు దిద్ది, ఎంతో ముచ్చటపడి చూపించింది. "ఇది ఏ దినం రంగు?" అని అడిగాడు. ఆ అమ్మాయికి అర్థం కాలేదు. "ఒక దినం ఎర్రగుండేది, ఒక దినం పసుపచ్చగుండేది. లోపల ఏ సరుకు తీస్తె గా రంగు. మేం వాగు సూసి చెప్పేటోళ్లం ఇయ్యాల ఏం నడుస్తున్నదో. మల్ల వెయ్యి" అని ఆమె టీ కూడా ఆయనే తాగేశాడు. ఆ అమ్మాయి బాత్రూంలోకి వెళ్లి ఏడ్చి వచ్చింది. ఓదార్చడం ఆయన వల్ల కాదు. "ఏడిస్తె రంగు మారుతదా?" అన్నాడు.

మా ఆటలో బర్రెలు ఆ నీళ్లు తాగి చచ్చిపోయేవి. అదీ ఒప్పుకోలేదు. "బర్రె మీ లెక్క పిచ్చిది కాదు. వాసన సూసి ఎనకకు తిరుగుతది. రెండు దినాలు నీళ్లియ్యకుంట కట్టేస్తె అప్పుడు తాగుతది."

"ఎవరు కట్టేసిండ్రు?" అని అడిగాను.

"మేమే కట్టేసినం. ఇంకేడున్నయ్ నీళ్లు?" అన్నాడు, నేనేదో తెలివితక్కువ ప్రశ్న వేసినట్టు.

బర్రె వెనక్కి తిరగడం, యజమాని దాన్ని కట్టేయడం, మూడో రోజు అది తలవంచి తాగడం, అన్నీ పెట్టాం. ఆట విడుదలయ్యాక అందరూ మెచ్చుకున్నది ఆ బర్రెనే. ఇంకొకటి గుర్తొస్తుంది. మా ఆటలో ఒక పనివాణ్ని ఒకచోటి నుంచి ఇంకోచోటికి మార్చాలంటే మౌసుతో పట్టుకుని పైకి ఎత్తి అక్కడ వదలాలి. అది చూసి పెద్దబాపుకు కోపం వచ్చింది. "మనిషిని కాలర్ పట్టి లేపుతున్నవేంది? పిల్లి కూననా?" అన్నాడు. సరే, మారుస్తాం అన్నాం. మళ్లీ ఆయనే, "వద్దు, గట్లనే ఉండనీ. గట్లనే లేపిండ్రు మమ్మల్ని" అన్నాడు. ఇలాంటి మనిషితో వేగడం ఎంత కష్టమో, ఆయన లేకుండా పని చేయడం ఎంత దండగో, రెండూ మాకు ఒకేసారి తెలిసివచ్చాయి. ఆయన ఊరికే అనే మాట ఒకటుండేది: "మీకు ఇనుము మంచిగ తెలుసు. మనిషే తెల్వదు." మేం నవ్వుకునేవాళ్లం.

ప్రమాదం ఘట్టం ఆయనకు కావాలనే చివర చూపించాను. పెద్దబాపు పనిచేసిన మొదటి ఫ్యాక్టరీలో రసాయనాలు మరిగించే రియాక్టర్ ఒకటి పేలిందని మా ఇంట్లో అందరికీ తెలుసు. ఆ ఫ్యాక్టరీ ఇప్పుడు లేదు, ఆ స్థలంలో గోదాములున్నాయి. ఆనాటి విచారణ నివేదిక నకలు ఒక వకీలు గారి పాత కాగితాల్లో దొరికితే మేం పండగ చేసుకున్నాం. అందులో ఉన్నది ఇది: రియాక్టర్ వేడెక్కుతుండగా ఆపరేటర్ ఎవరి అనుమతీ లేకుండా కింది వాల్వు తెరిచాడు, మరిగే సరుకు బయటికి తన్ని మంటలు లేచాయి, ఆపరేటర్ మరణించాడు, కారణం అతని నిర్లక్ష్యం. మేం అక్షరం పొల్లుపోకుండా అలాగే పెట్టాం. ఆ కాలపు పైపులు, ఆ కాలపు గేజీలు, గోడ మీద సున్నం పెచ్చులతో సహా. ఆయన మెచ్చుకుంటాడని నా ఆశ.

తెర మీద ఆపరేటర్ వంగి కింది వాల్వు తిప్పాడు. మంటలు లేచాయి. పెద్దబాపు "మల్ల సూపెట్టు" అన్నాడు. చూపించాను. "మల్ల" అన్నాడు. మూడోసారి అయ్యాక, ఎప్పుడూ కుర్చీలో కూర్చోని మనిషి నేల మీద కూలబడ్డాడు.

"వాడు తెరువలే బిడ్డా."

"రిపోర్టుల ఉంది పెద్దబాపూ. చూసిన సాక్షి చెప్పిండు."

"గా సాక్షి నేనే."

అప్పుడు చెప్పాడు. రియాక్టర్ చుట్టూ చల్ల నీళ్లు తిప్పే వాల్వుకు ఒక పిడి ఉండేది. పిడిని కిందికి నొక్కి పట్టుకుంటే నీళ్లు పారతాయి, చేయి తీస్తే ఆగిపోతాయి. నొక్కిన పిడి పైకి లేవకుండా ఆపే కొక్కెం ఎప్పుడో విరిగిపోయింది. బాగు చేయించమని ఎన్నిసార్లు చెప్పినా రేపు మాపు అన్నారు. కొక్కెం బదులు మనుషులు వంతులేసుకుని పిడి పట్టుకుని నిలబడేవారు. ఆ మధ్యాహ్నం వంతు దోస్తుది. లోపల సరుకు అదుపు తప్పింది. మూత సందులోంచి ఆవిరి తన్ని అతని చేతుల మీద పడుతోంది. అయినా పట్టుకున్నాడు. చర్మం ఊడి వస్తున్నా పట్టుకున్నాడు. ఇక చేతులు పనిచేయక వదిలేశాడు. నీళ్లు ఆగాయి, రియాక్టర్ పేలింది.

విచారణకు వచ్చిన అధికారి మన దిక్కువాడు కాదు. వాల్వు దగ్గర ఏం జరిగిందని అడిగాడు. ఇరవై ఏళ్లు నిండని పెద్దబాపు తనకొచ్చిన భాషలో చెప్పాడు: "మావోడు వాల్వు ఇడిసిండు సార్."

మీలో మా దిక్కువాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. చెయ్యి ఇడిసిండు అంటే వదిలేశాడని. నీళ్లు ఇడిసిండు అంటే తెరిచి వదిలాడని. మాట ఒక్కటే, చుట్టూ ఉన్న మాటలను బట్టి అర్థం. రాసుకున్న పెద్దమనిషి రెండో అర్థం తీసుకున్నాడు. తీసుకుని, తెరిచాడంటే అది కింది వాల్వే అయ్యుంటుందనుకుని, ‘తెరిచెను’ అని చక్కటి తెలుగులో రాశాడు. పెద్దబాపు చదవకుండా సంతకం పెట్టాడు. రియాక్టర్ మనిషి ప్రాణాన్ని తీసింది చాలక, ఒక మంచి భాష వచ్చి పేరు కూడా తీసుకుపోయింది. పట్టుకోలేక వదిలిన చేతులు కాగితం మీదికి వచ్చేసరికి తెరిచిన చేతులయ్యాయి. దోస్తు ఇల్లు ఊళ్లో ‘తెరిచినోని ఇల్లు’ అయింది. అతని కొడుకును ఏ ఫ్యాక్టరీ గేటు దగ్గరా నిలబడనివ్వలేదు. దోస్తు భార్య, నేను అవ్వా అని పిలుస్తాను, మా వెనక వీధిలోనే ఉంటుంది. ఆ రోజు నుంచి పెద్దబాపుతో ఒక్క మాట మాట్లాడలేదు. ఎదురుపడితే ఆయన తలవంచుకుని పోయేవాడు, ఆమె తల తిప్పుకునేది. ఇది నేను పుట్టినప్పటి నుంచి చూస్తున్నాను. కారణం మాత్రం పెద్దబాపు చెబితేనే తెలిసింది.

"నా మాటకే ఆమె కోపం. నోటితోని చెప్తె నమ్మదు, నా నోరే గద చెరిపింది. నువ్వు గీ ఆటల సక్కగ పెట్టు. వాడు పట్టుకోని నిలవడ్డది పెట్టు. నడుస్తుంటె ఆమెకు సూపెట్టు. ఒక్కసారి సూస్తె చాలు బిడ్డా" అన్నాడు. జీవితంలో ఎవర్నీ ఏదీ అడగని మనిషి. పెళ్లిలో రెండోసారి పప్పు కావాలన్నా అడగడు.

నేనేమన్నానో చెబుతాను, చదివి నన్ను తిట్టుకోండి. "కాగితం ఏమన్న ఉందా పెద్దబాపూ?" అన్నాను. ఆయన నా ముఖం చూస్తే ఇంకొంచెం కలిపాను: "మరి అప్పుడే ఎందుకు చెప్పలే?"

"చెప్పిన. ఆఫీసుకు పోయిన. వాళ్లు గూడ గిదే అడిగిండ్రు. కాగితం ఉందా అని."

మా ఆటను అమ్మే పబ్లిషర్లు దేశం బయటివాళ్లు. ‘అసలు విచారణ నివేదిక ఆధారంగా’ అని అప్పటికే ప్రకటనలు వేశారు. ఒక ముసలాయన జ్ఞాపకం కోసం దాన్ని మారుస్తామంటే ఎవరు ఒప్పుకుంటారు? నిజానికి నేను వాళ్లను అడగనే లేదు. విడుదల దగ్గర పడింది, నా కష్టం ఎక్కడ ఆగిపోతుందోనని భయం. "విడుదలైనంక వచ్చే అప్డేట్ల చూస్త" అన్నాను.

"అప్డేట్ దాక నేనుండాలె గద" అని లేచి, బస్సు టైమైందని వెళ్లిపోయాడు.

చరిత్రను ఉన్నదున్నట్టు చూపించడం గురించి మేం అయిదుగురం గంటలు గంటలు వాదించుకున్నవాళ్లం. అదంతా దేని గురించి? బోల్టుకు ఎన్ని మూలలుండాలి, గేజీ ముల్లు ఏ రంగుది, లారీ ఏ మోడలుది. వాటిని సరిచేసుకోవడం సులువు. బోల్టుకు భార్యాబిడ్డలుండరు. పుస్తకంలో ఒక అబద్ధం పడితే అది ఆ పేజీలో పడి ఉంటుంది, చదివేవాడు అనుమానించవచ్చు, కొట్టివేయవచ్చు. సిమ్యులేషన్‌లో అబద్ధం నడుస్తుంది. ఆడిన ప్రతివాడి ఇంట్లో ఆ ఆపరేటర్ మళ్లీ డ్యూటీకి వస్తాడు, మళ్లీ వంగుతాడు, మళ్లీ తెరుస్తాడు. ఆడేవాడు తన కళ్లతో చూశాననుకుంటాడు, ఇక నివేదిక చదవాల్సిన పని కూడా ఉండదు. చుట్టూ ఉన్న గేజీలు ఎంత నిజంగా ఉంటే మధ్యలో ఉన్న అబద్ధం అంత గట్టిగా నిలబడుతుంది. ఆ గేజీలను అంత నిజంగా చేసి ఇచ్చింది పెద్దబాపే. ఆయన ఇచ్చిన నిజాలన్నీ వాడుకుని ఆయన దోస్తును మళ్లీ దోషిని చేశాం. ఇది నాకు అప్పుడు తట్టలేదని అబద్ధమాడను. తట్టింది. పనుంది కదా అని పక్కన పెట్టాను.

ఆ తర్వాత ఆయన మంచం పట్టాడు. ఊపిరితిత్తులు. ఏళ్ల తరబడి పీల్చినవన్నీ ఒక్కసారి పనికి దిగాయి. ఇంట్లోనే ఆక్సిజన్ మిషన్ పెట్టారు. చూడటానికి వెళ్తే మిషన్ చప్పుడు మీద కూడా ఒక వంక పెట్టాడు, దీని కంటే మా బాయిలర్ నయమని. మా పెద్దమ్మ వంటింట్లోకి వెళ్లగానే నా చేయి పట్టుకున్నాడు.

"ఒకటి నీకు చెప్పలే. వాడు పిడి పట్టుకోని నన్ను పిలిచిండు. ‘జెర నువ్వూ పట్టురా’ అన్నడు. ఇద్దరం పట్టుకుంటె, ఒకడు ఇడిసినా ఇంకొకడు పట్టుకుంటుండె. నేను ఉరికిన. తలుపు దాటినంక ఎనకకు తిరిగి సూసిన, గప్పుడే వాడు ఇడిసిండు." కాసేపు గాలి తీసుకున్నాడు. "నన్ను గూడ పెట్టు. ఉరుకుతున్నట్టు పెట్టు."

నాకు ఏడుపొచ్చింది. ఏడుపు దాచుకోవడానికి ఫోన్ తీసి, మరిచిపోకుండా ఉండాలని ఆయన చెప్పింది రాసుకోసాగాను. తలుపు ఎటు, పిడి ఎటు, ఎన్ని అడుగులు. అలవాటు. ఆయన నా వేళ్ల వంక చూసి చేయి వదిలేశాడు.

"నువ్వు గూడ రాస్కపోనీకే వచ్చినవా?" అన్నాడు.

నాతో ఆయన మాట్లాడిన చివరి మాట అదే. అటు తిరిగి పడుకున్నాడు. మర్నాడు వెళ్లినా అటే తిరిగి ఉన్నాడు. వారం తిరక్కుండా ఆట విడుదలైంది, కింది వాల్వు తెరిచే ఆపరేటర్‌తోనే. మా తమ్ముడు సంబరంగా ఫోన్లో ఆయనకు చూపించాడట. ఆయన చూసి, వాడికి ఫోన్ తిరిగిచ్చి, నీళ్లడిగాడట.

అంతిమయాత్ర మా వీధి దాటి వెనక వీధిలోంచి వెళ్లింది. అవ్వ తన అరుగు మీద చింతపండులో గింజలు తీస్తూ కూర్చుంది. శవం ఎదురుగా వస్తే ఎంత పగవాళ్లయినా లేచి నిలబడతారు. ఆమె లేవలేదు, తల కూడా ఎత్తలేదు. నా వెనక నడుస్తున్న మా బంధువుల కుర్రాడొకడు ఇంకొకడితో గుసగుసగా మా ఆట గురించే మాట్లాడుతున్నాడు. "గా ఆపరేటర్ గాడు ఎంత ఎడ్డోడు రా, కావాలని వాల్వు తెరుస్తడు." ఇద్దరూ నవ్వు ఆపుకుంటున్నారు. వాళ్లను కొట్టాలనిపించింది. వాళ్లకు ఆ మాట నేర్పింది నేనే కనుక ఊరుకున్నాను.

పదకొండో రోజు దినాలయ్యాక ఆఫీసుకు వెళ్లి, మార్చకపోతే నేను పని మానేస్తానని మావాళ్లకు చెప్పాను. వాళ్లు ఒక్క మాట ఎదురు చెప్పలేదు. పెద్దబాపు టీ తాగేసిన అమ్మాయి అప్పటికే విరిగిన కొక్కెం బొమ్మ గీసి ఉంచింది. పబ్లిషర్లు నసిగారు గానీ వద్దనలేదు. అంటే నేను మొదట్లోనే అడిగి ఉంటే అప్పుడూ వద్దనేవారు కారేమో. ఇప్పుడా సంగతి తలుచుకుంటే అన్నం సయించదు. కొత్తగా చేసిన దాంట్లో కొక్కెం విరుగుతుంది. మరమ్మతు చేయించాలని మేనేజరుకు, అంటే ఆడేవారికి, కబురు వస్తుంది. వాయిదా వేస్తే ఒక మనిషి వచ్చి పిడి పట్టుకుని నిలబడతాడు. ఇంకా వాయిదా వేస్తే ఆ మధ్యాహ్నం వస్తుంది. ఆ మనిషి పట్టుకోగలిగినంత సేపు పట్టుకుంటాడు.

మెచ్చుకున్నవారు లేరు. చరిత్రను సెంటిమెంటు కోసం మార్చారని తిట్టారు. నివేదిక పేజీని ఫొటో తీసి పెట్టి, సాక్షి మాట కింద ఎర్ర గీత గీసి, ఇంత స్పష్టంగా ఉంటే కనబడలేదా అని అడిగారు. పెద్దబాపు మాటే పెద్దబాపు మీదికి సాక్ష్యం. చరిత్ర అంటే ప్రాణం పెట్టేవాళ్లే ముందుగా రాళ్లేశారు. అసలు కోపం వేరే అని నా అనుమానం. ఇంతకుముందు తప్పు ఆపరేటర్‌ది, ఆడేవాడు జాలిపడి పక్కకు తప్పుకోవచ్చు. ఇప్పుడు తప్పు ఆడేవాడిది. ఒకతను ‘ఆట అన్యాయంగా ఉంది’ అని రాశాడు. అతనొక్కడికి అర్థమైందనుకున్నాను.

పెద్దబాపును మాత్రం పెట్టలేదు. కొత్తగా పోయిన మనిషిని, అందునా నన్ను ఎత్తుకు పెంచిన మనిషిని, పిరికివాడిలా పరుగెత్తించడానికి నాకు చేయి రాలేదు. ప్రేమే అనుకోండి, ఇంకేదైనా అనుకోండి. అది లేకపోయినా దోస్తు పేరు బాగుపడుతుంది కదా అని సర్దిచెప్పుకున్నాను.

ఒక ఆదివారం పొద్దున లాప్‌టాప్ పట్టుకుని అవ్వ దగ్గరికి వెళ్లాను. పెద్దబాపు చూపించమన్నాడని చెప్పాను. వద్దనలేదు. అరుగు మీద పక్కన కూర్చోబెట్టుకుంది. ఎండకు తెర కనబడక కొంగు అడ్డం పెట్టింది. బొమ్మ మనిషి పిడి పట్టుకుని నిలబడ్డాడు. ఆవిరి తన్నింది. ఆమె పెదవులు కదులుతున్నాయి, ఎంతసేపు పట్టుకున్నాడో లెక్క పెడుతోంది. చేతులు జారాయి. నేను ఆపేశాను.

"గీ బొమ్మల మీ పెద్దబాపు ఏడి?" అంది.

నేను మాట దాటేశాను. "అవ్వా, పెద్దబాపు వాల్వు ఇడిసిండు అని చెప్పింది చెయ్యి ఇడిసిండని. రాసినోడే తప్పు రాసుకున్నడు. నీకది తెల్వక కోపం చేసినవని చచ్చేదాక బాధపడ్డడు."

ఆమె నా వంక వింతగా చూసింది. "నాకు తెల్వదా బిడ్డా? నేను గీ ఊర్ల పుట్టినదాన్నే గద. ఇడిసిండంటె ఏందో గా దినమే ఎర్క. రాసినోనికి మాట రాకుంటె మీ పెద్దబాపేం చేస్తడు? గా మాటకు నాకెన్నడు కోపం లేదు."

"మరి నలభై ఏండ్లు మాట్లాడకపోతివి?"

"గా దినం నేను గిదే వాకిట్ల మిరపకాయలు ఎండబోస్తున్న. ఫ్యాక్టరీ దిక్కు పొగ లేసింది. మీ పెద్దబాపు గీ తొవ్వెంబడి ఉరికొచ్చిండు. ‘అన్నా, మా ఆయనేడి’ అన్న. నా మొకం సూసిండు. ఆగలే. మిరపకాయలు తొక్కుకుంట మీ ఇంట్లకు పోయి తలుపేసుకున్నడు. గప్పటికి మా ఆయనకు ఇంక పానం ఉందంట. పొద్దుగూకిందాక ఉన్నడంట, నీళ్లు నీళ్లు అనుకుంట. ఎవరో పరాయోళ్లొచ్చి చెప్తె పోయిన. నేను పోయేసరికి సప్పుడు లేదు." కొంగు తీసేసి లాప్‌టాప్ మూత తనే వేసింది. "ఆగి ఒక్క మాట చెప్తె నేను పోదును. మీ పెద్దబాపును గూడ పెట్టు బిడ్డా. పెట్టకుంటె నీది గూడ గా కాగితమే."

నలభై ఏళ్లు ఆయన ఒక మాట కోసం కుమిలిపోయాడు. ఆ మాటను ఆమె ఏనాడో క్షమించేసింది, అసలు తప్పే పట్టలేదు. ఆమె నిజంగా తప్పు పట్టినదాన్ని ఆయన నాకు కూడా చెప్పలేదు. తలుపు దాకా పరుగెత్తానన్నాడు. తలుపు తర్వాత ఎటు పరుగెత్తాడో మింగేశాడు. ఆయన నేర్పిన పని ఇంకో తీరున చేయడం నాకు రాదు కనుక, ఆ సోమవారమే కూర్చుని ఆయన్ను పెట్టాను. ఎలా పరుగెత్తాడో, చేతులు ఎలా ఊపాడో అడగడానికి ఆయన లేడు. తప్పుగా పెట్టానని తిట్టడానికీ లేడు.

ఇప్పుడు మా ఆటలో మీరు ఆ కొక్కెం బాగు చేయించకపోతే, ఆ మధ్యాహ్నం ఇరవై ఏళ్లు నిండని ఒకడు గేటు దాటి, పొలాలకు అడ్డం పడి ఊళ్లోకి వస్తాడు. ఒక ఇంటి ముందు ఎర్రగా మిరపకాయలు పరిచి ఉంటాయి. ఒకామె లేచి అతన్ని ఏదో అడుగుతుంది. అతను ఆమె ముఖం చూస్తాడు. ఆగడు. మా ఇంటి తలుపు మూసుకుంటుంది. ఆమె అక్కడే నిలబడి, ఆ తలుపు వైపు ఒకసారి, పొగ వైపు ఒకసారి చూస్తూ ఉంటుంది.